వెంట్రుకవాసిలో తప్పిన చెట్టు

సంపాదకులకు నమస్కారములు.

ధనుర్మాసం వచ్చింది. గుంటూరులో మా పేటలో భోగి మంటకు కట్టెలు ఎక్కడ కొట్టాలి, ఎవరి మిషను రంపం తీసుకెళ్లాలి అనే మాటలు అప్పుడే మొదలయ్యాయి. నేను ఒక పాలిటెక్నిక్ వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్లకు పైగా పిల్లలకు ఫిట్టింగు, వడ్రంగం నేర్పి పదవీ విరమణ చేసినవాణ్ని. ఈ మాటల్లో నిన్నమొన్నటి వరకు నేనూ ఉత్సాహంగా పాల్గొన్నాను కనుక, ఇకమీదట రాయబోయేది ఎదుటివాళ్ల మీద ఫిర్యాదుగా కాక, ఒక పాత్రధారి ఇచ్చుకునే వాంగ్మూలంగా చదవమని మనవి చేస్తున్నాను.

ఉదయపు నడక ముగించుకుని టీ బంకు దగ్గర కూడేవాళ్లం ఏడెనిమిది మందిమి. ఒకరు బ్యాంకులో, ఒకరు నీటిపారుదల శాఖలో, ఇంకొకరు మిర్చి కమీషను కొట్టులో పనిచేసి తీరిక చిక్కినవాళ్లు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మాలో ఒకరి సొంతూళ్లో దొడ్లోని చెట్లు కూలాయి. కూలీలు దొరక్క ఆయన ఒక పెట్రోలు చైన్‌సా, అంటే పళ్ల గొలుసు తిరుగుతూ కట్టె కోసే రంపం, కొన్నారు. మా వైపు దాన్ని మిషను రంపం అంటారు. ఆ తరువాత ఏడాది తిరక్కముందే మాలో అయిదుగురి ఇళ్లలో అటువంటివి వెలిశాయి. ఎవరికీ కట్టెలు అవసరమై కాదు. ఇంట్లో గ్యాసు ఉంది, గీజరు ఉంది. ఉలవచారు కట్టెల పొయ్యి మీద మరిగితేనే రుచి అన్న పట్టింపు, కార్తికంలో వనభోజనాలు, చలికాలం పెరట్లో కాగు పెట్టి నీళ్లు కాచుకోవాలన్న ముచ్చట, సంక్రాంతికి భోగి మంట అనేవి పైకి చెప్పుకొనే కారణాలు. తాడు లాగగానే మిషను గుర్రుమనడం, జానెడు మందం మొద్దు అర నిమిషంలో రెండు ముక్కలై పడటం లోపలి కారణాలు. అరవై దాటిన మనిషికి తన చేతిలో ఇంకా అంత బలం ఉందని చెప్పే వస్తువు వేరొకటి దొరకదు.

ఆ కబుర్లలో మంచి లేదని నేను అనను. తుమ్మ మొద్దు నిప్పు ఎంతసేపు నిలుస్తుందో, సుబాబుల్ ఎంత త్వరగా ఎండుతుందో, మునగ కట్టె పొయ్యికి ఎందుకు దండగో, పచ్చి మొద్దును అట్టే పడేసే బదులు చీల్చి గాలి ఆడేలా పేరిస్తే ఎంత తేడానో నేను అక్కడే తెలుసుకున్నాను. ప్రహరీ పక్కన కొట్టేసిన గన్నేరు కొమ్మలను కాగు కింద పెట్టబోయిన ఒకాయనకు, ఆ చెట్టు పొగ సైతం విషమేనని చెప్పి ఆపినదీ ఆ బంకు దగ్గరే. అయితే అదే నోటితో, అదే టీ గ్లాసు పట్టుకుని, మేము మరొక రకం కథలు కూడా చెప్పుకుంటున్నాం. “నిన్న మీరు రావాల్సింది మాస్టారూ, వెంట్రుకవాసిలో తప్పింది” అని మొదలై, అందరి నవ్వుతో ముగిసే కథలు అవి. నా అభ్యంతరం ఆ నవ్వు మీద. అటువంటి ఒక కథ జరిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను కాబట్టి, బంకు దగ్గర చెప్పిన తీరున కాకుండా, జరిగింది జరిగినట్టు రాస్తాను.

మొన్నటి మాఘమాసంలో ప్రత్తిపాడు వైపు ఒక మిత్రుడి పొలానికి నలుగురం వెళ్లాం. కాలువ గట్టు మీద ఒక సుబాబుల్ చెట్టు ఉంది. మొదలు దగ్గర అడుగున్నర మందం, నలభై అడుగుల ఎత్తు. వెలుతురు కోసం కాలువ వైపు బాగా వాలి పెరిగింది. అది ఎలాగూ కాలువలోకే పడుతుంది, పడే వైపున మొదట్లో ముందు గండి కోయడం దేనికి అని వెనుకవైపు నుంచి ఒక్క కోత మొదలుపెట్టాం. ట్రాక్టరు నడిపే కుర్రవాణ్ని పిలిచి, పైకొమ్మకు కట్టిన మోకును గట్టు మీద నిలబడి బిగబట్టమన్నాం. మిషను సగం మందం కూడా పోకముందే తుపాకి పేలినట్టు ఒక చప్పుడు అయింది. చెట్టు తెగి పడలేదు, నిలువునా చీలింది. ముందు సగం కాలువ మీదికి ఒరుగుతుంటే, వెనుక సగం మొదలు నుంచి ఊడి, మనిషి ఎత్తుకు ఎగిరి, మిషను పట్టుకున్న మిత్రుడి గడ్డానికి బెత్తెడు దూరంలో ఆగింది. మోకు కుర్రవాడి చేతుల్లోంచి దూసుకుపోయి రెండు అరచేతుల తోలు లేచిపోయింది. మేము పసుపు అద్దాం. పక్క ఊరి ఆర్‌ఎంపీ దగ్గర కట్టు కట్టించి, అయిదు వందలు చేతిలో పెట్టి వచ్చేశాం.

మర్నాడు టీ బంకు దగ్గర ఈ కథ మొదటిసారి చెప్పినప్పుడు, చెబుతున్న ఆయన గొంతు ఇంకా వణుకుతూనే ఉంది. వారం తిరిగేసరికి చెట్టు నలభై అడుగుల నుంచి అరవై అడుగులకు పెరిగింది, వణుకు పోయింది, హాస్యం చేరింది. నెల తరువాత కొత్తగా వచ్చిన ఒకాయనకు చెబుతుంటే విన్నాను: ఆ కథలో కుర్రవాడు లేడు. మోకూ లేదు. ఉన్నదల్లా చెట్టూ, మిషనూ, తప్పించుకున్న మొనగాడూ. నేను పక్కనే ఉండీ సవరించలేదు. ఆ కుర్రవాడు మా బంకు దగ్గరకు టీ తాగడానికి రాడు. వచ్చి ఉంటే ఆ కథను అట్లా చెప్పే ధైర్యం మాకు ఉండేది కాదు. సరదా మాది, మోకు పట్టేది వేరొకడు. మా కబుర్లలో నేను గమనించిన అసలు లోపం ఇది.

ఇప్పుడు ఆ చెట్టు ఎందుకు చీలిందో రాయాలి. ఇది అదృష్టానికీ దురదృష్టానికీ సంబంధించిన సంగతి కాదు. చెట్టును పడగొట్టడంలో కోత కన్నా కోయకుండా మిగిల్చినదే ముఖ్యం. ముందుగా పడవలసిన వైపున, మొదలు మందంలో నాలుగో వంతుకు మించకుండా ఒక గండి తీయాలి. అడుగున్నర మొదలుకు అది నాలుగు అంగుళాల పైచిలుకు. ఆపైన వెనుక నుంచి, గండి మూలకన్నా ఒకటి రెండు అంగుళాలు ఎత్తులో కోసుకుంటూ వచ్చి, రెండు కోతల మధ్య మందంలో పదో వంతు కట్టెను అట్లే వదలాలి. తలుపుకు మడతబందు ఎంతో, పడే చెట్టుకు ఆ పట్టీ అంత. చెట్టు దాని మీద తిరిగి, మనం చూపిన వైపు నెమ్మదిగా ఒరుగుతుంది. పట్టీని పూర్తిగా కోసేస్తే చెట్టుకు దారి చెప్పేవాడు లేనట్టే. అసలు గండే తీయకపోతే, ముందుకు ఒరగడానికి చోటు లేని బరువు నిలువు నారల వెంట చీలిక వెతుక్కుంటుంది. వాలి పెరిగిన చెట్టులో వెనుకవైపు నారలు ముందే వింటితాడులా బిగిసి ఉంటాయి కనుక ఈ చీలిక మరింత బలంగా వస్తుంది. అటువంటి చెట్టును పడగొట్టడానికి వేరే కోత పద్ధతి ఉంది. అది నావంటి సరదారాయుళ్లు పుస్తకం చూసి చేసేది కాదు కాబట్టి ఇక్కడ వివరించను.

ముప్ఫై అడుగుల పొడవు, అడుగున్నర మందం ఉన్న పచ్చి మొద్దు టన్నుకు పైగానే తూగుతుంది. ఆ బరువు ఎటు పోవాలో ముందే నిర్ణయించుకున్నవాడు, తాను ఎటు పోవాలో కూడా నిర్ణయించుకోవాలి. పడే దిశకు నేరుగా వెనుక నిలబడకుండా, వెనుకకు ఏటవాలుగా ఇటో అటో నడిచిపోయే దారిని ముందే శుభ్రం చేసుకోవాలి. చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో వేరెవరూ ఉండకూడదు. నలభై అడుగుల చెట్టుకు ఎనభై అడుగులు. మా మోకు పొడవు ముప్ఫై అడుగులు.

పాత గొడ్డలిలో ఒక సుగుణం ఉండేదని ఇప్పుడు అనిపిస్తోంది. గొడ్డలి అలుపు తెప్పిస్తుంది. పది దెబ్బలకొకసారి మనిషి ఆగుతాడు, చెమట తుడుచుకుంటాడు, తలెత్తి కొమ్మల వంక చూస్తాడు. మొదలులో నార తెగుతున్న చిటపట వినిపిస్తుంది. మిషనుకు అలుపు లేదు, దాని చప్పుడు 110 డెసిబెల్స్ ప్రాంతంలో ఉంటుంది, ఆ రొదలో చెట్టు చేసే హెచ్చరిక ఒక్కటీ చెవిన పడదు. అదీగాక 2021 నుంచి మన వేపచెట్లకు కొమ్మలు చివరల నుంచి ఎండుకొచ్చే తెగులు పట్టింది. మళ్లీ చిగిర్చిన చెట్లలో కూడా పచ్చని ఆకుల మధ్య ఎండు కొమ్మలు వేలాడుతూనే ఉన్నాయి. కింద మొదలుకు మిషను తగిలించగానే ఆ అదురుకు ముందు రాలేవి అవే. తువ్వాలు చుట్టుకున్న తల వాటికి అడ్డం కాదు, హెల్మెట్టే కావాలి. తువ్వాలు, లుంగీ, హవాయి చెప్పులు వేసుకుని మిషను పట్టినవాణ్ని చూస్తే నాకు లేతు మిషను దగ్గర పొడుగు చేతుల చొక్కాతో నిలబడిన కుర్రవాడు గుర్తొస్తాడు. వర్క్‌షాపులో అయితే వెంటనే బయటకు పంపేవాణ్ని.

ఇక మిషను మీద మేము చేసే సొంత వైద్యం గురించి. లూనాలు, రెండు స్ట్రోకుల స్కూటర్ల కాలం నుంచి పెట్రోల్లో ఆయిలు కలుపుకున్నవాళ్లం మేము. లీటరుకు 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిలు అంటే ఎవరూ చెప్పనక్కరలేదు. ప్లగ్గు తుడుచుకోవడం, గాలి ఫిల్టరు కడుక్కోవడం, పని అయ్యాక ట్యాంకులో పెట్రోలు మిగల్చకుండా తీసేయడం, ఆకురాయితో గొలుసు పళ్లు పదును పెట్టుకోవడం మంచి పనులు. మొండి గొలుసు కన్నా పదునైన గొలుసే క్షేమం, ఎందుకంటే మొండిదాన్ని మనిషి ఒళ్లు ఊనించి నొక్కుతాడు. అయితే మా చేతులు అక్కడితో ఆగవు. గొలుసులో ప్రతి పంటికీ ముందు ఒక చిన్న గుబ్బ ఉంటుంది. పన్ను ఎంత లోతు కొరకాలో, అంటే 0.65 మిల్లీమీటర్ల ప్రాంతంలో, ఆ గుబ్బ నిర్ణయిస్తుంది. దాన్ని బాగా అరగదీస్తే మిషను ఆబగా కొరుకుతుంది. రెండు రోజులు అందరం ముచ్చటపడతాం, మూడో రోజు అది తన్నుతుంది. ముందు చేతికి అడ్డంగా ఉండే రేకు వంటి ప్లాస్టిక్ కాపు ఇరుకు కొమ్మల్లో తగులుతోందని తీసి పక్కన పెట్టినవాళ్లు మాలో ఇద్దరు ఉన్నారు. అది చేతికి కాపు మాత్రమే కాదు, గొలుసు బ్రేకుకు మీట కూడా అదే. ట్రిగ్గరు మీది లాకును టేపుతో చుట్టేసినవారు ఒకరు. గుబ్బలు అరగదీసింది మాత్రం ఎవరో కాదు, నేనే. ముప్ఫై ఏళ్లు ఆకురాయి పట్టడం నేర్పిన గర్వం అది.

తన్నడం అంటే ఏమిటో తెలియనివారి కోసం రాస్తున్నాను. బ్లేడు కొసలో పైభాగం ఏ కొమ్మకో తగిలితే గొలుసు అక్కడ ఒక్క లిప్త చిక్కుకుంటుంది. అంతవరకు గొలుసును తిప్పుతున్న బలమంతా బ్లేడును పైకీ వెనుకకూ, అంటే పట్టుకున్నవాడి ముఖం మీదికి, విసురుతుంది. గొలుసు సెకనుకు 20 మీటర్ల వేగంతో, అంటే గంటకు 72 కిలోమీటర్లతో నడుస్తుంటుంది. మనిషి ఉలిక్కిపడేలోగా అంతా అయిపోతుంది, అందుకే బ్రేకు తనంతట తాను పడేలా తయారుచేశారు. దాన్ని ఊడదీసి, తాను జాగ్రత్తగానే ఉంటానని చెప్పేవారికి నా దగ్గర సమాధానం లేదు. ఈ మిషను సంగతి ఇట్లా ఉంటే, నాలుగంగుళాల గ్రైండరుకు కట్టె కోసే రంపపు చక్రం బిగించేవాళ్లు ఇంకో మెట్టు పైన ఉన్నారు. ఆ గ్రైండరు నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. చక్రం అంచు వేగం సెకనుకు 57 మీటర్లు దాటుతుంది. ఇనుము అరగదీయడానికి చేసిన పనిముట్టుకు పళ్ల చక్రం తగిలిస్తే ఆపడానికి బ్రేకూ లేదు, పట్టుకోవడానికి సరైన పిడీ లేదు. అరచేయంత బ్యాటరీ రంపాలు మరొక తంటా. ఒంటి చేత్తో పట్టే వీలు ఉంది కనుక రెండో చేయి కొమ్మను పట్టుకుంటుంది, ఆ రెండో చేయే తెగుతుంది.

కూర్చున్న కొమ్మను నరుక్కోవడం సామెతలోనే ఉంటుందని అనుకునేవాణ్ని. మా వీధిలోనే, కోయబోయే కొమ్మకే నిచ్చెన ఆనించి ఎక్కిన పెద్దమనిషిని చూశాను. కొమ్మ తెగగానే బరువు తగ్గిన మిగతా మోడు పైకి లేచింది, నిచ్చెన కిందికి జారింది. ఆయన అదృష్టం, కింద ఇసుక కుప్ప ఉంది. మర్నాడు ఆ ఇసుక కుప్పే హాస్యం అయింది.

చెట్లు కొట్టడమే జీవనంగా ఉన్నవాళ్లు ఇట్లా చేయరు. నిరుడు మా దొడ్లో వేపకు పిలిచిన ఒక పెద్దాయన అరగంట సేపు చెట్టు చుట్టూ తిరిగి, బీడీ కాల్చుకుని, ఒక్క దెబ్బ వేయకుండా “కొమ్మల బరువు గోడ మీదుందయ్యా, మొదలు ముట్టుకోకూడదు” అన్నాడు. మొదట మోకుతో పైకెక్కి, ఒక్కొక్క కొమ్మకూ తాడు కట్టి, కిందికి దించుకుంటూ వచ్చి, బోడి మొద్దు మిగిలాకే కింది కోత పెట్టాడు. రోజంతా పట్టింది. కూలి ఎక్కువ అడిగాడని అప్పట్లో నేను గొణిగాను కూడా. తాడిచెట్టు అయితే తాను మిషనుతో ముట్టనని ఆయన చెప్పాడు. చేవ వెలుపల, మెత్తన లోపల ఉండే చెట్టది. పీచు గొలుసుకు చుట్టుకుంటుంది, వేప మొద్దులా పట్టీ నమ్మకంగా నిలవదు. అదే తాడిని సులువైన పని అనుకుని మాలో ఒకరు వచ్చే వారం పెట్టుకున్నారు.

కరెంటు తీగలు, అనుమతుల సంగతి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. కొమ్మ నిడివిలో తీగ ఉంటే ముందు 1912కు ఫోను చేసి లైను ఆపించాలి. 11 కేవీ తీగకు తగలకపోయినా, దాని దగ్గరకు పచ్చి కొమ్మ చేరితే చాలు, ప్రమాదం కిందికి దిగుతుంది. అల్యూమినియం నిచ్చెనలు అక్కడికి తీసుకుపోకూడదు. సొంత దొడ్లో చెట్టైనా 2002 నాటి నీరు, భూమి, వృక్షాల చట్టం, మనం వాల్టా అనే చట్టం ప్రకారం కొట్టే ముందు సాధారణంగా అనుమతి అడగాలి. మాలో చాలామంది అది ఏదో ఇసుక, బోర్ల వ్యవహారం అనుకుంటారు. అనుమతి కోసం దరఖాస్తు పెట్టి ఆగవలసిన ఆ కొద్ది రోజులు కూడా ఒక రకంగా గొడ్డలి అలుపు వంటివే. చెట్టును రెండోసారి చూసే వ్యవధి దొరుకుతుంది.

పత్రికకు నా విన్నపం చిన్నదే. ఏటా భోగికి ముందు మంటల ఫొటోలు, పిడకల దండల ఫొటోలు వేస్తారు, వేయండి. ఆ పక్కనే ఈ గండి, పట్టీ, పారిపోయే దారి ఒక బొమ్మగా గీయించి వేయగలిగితే, కత్తిరించి టీ బంకు గోడకు అంటించే బాధ్యత నాది. గుంటూరు, విజయవాడల్లో ఈ మిషన్లు అమ్మే దుకాణదారులు కొన్నవాడి చేతికి బిల్లుతో పాటు హెల్మెట్టు, కళ్లద్దాలు చూపించాలి, గొలుసు బ్రేకు ఎలా పడుతుందో ఒక్కసారి పట్టి చూపాలి. పది నిమిషాల పని. నా మిషను కొన్నప్పుడు అమ్మినవాడు నాకు చూపింది వాయిదాల పద్ధతి ఒక్కటే. తోటి సరదారాయుళ్లను నేను కోరేది మరొకటి ఉంది. తప్పిన ప్రమాదాన్ని చెప్పేటప్పుడు చెట్టు ఎత్తు పెంచకండి, మోకు పట్టినవాణ్ని తీసేయకండి.

అరగదీసిన గొలుసును నేను పారేసి కొత్తది వేశాను. బ్రేకు కాపులు ఇద్దరిలో ఒకరు తిరిగి బిగించుకున్నారు, రెండో ఆయన వెతుకుతున్నానని అంటున్నారు. పోయిన ఆదివారం ప్రత్తిపాడు వెళ్లి ఆ కుర్రవాణ్ని చూసి వచ్చాను. కుడి అరచేయి ఇంకా పూర్తిగా ముడుచుకోవడం లేదు, స్టీరింగు పట్టుకుంటే నొప్పి ఉందన్నాడు. గుంటూరు తీసుకొచ్చి ఎముకల డాక్టరుకు చూపించడానికి వచ్చే బుధవారం రమ్మన్నాను, ఖర్చు నలుగురం వేసుకుంటున్నాం. ఈ భోగికి మా పేట మంటకు కట్టెలు అడితిలో కొంటున్నాం.

ఇట్లు,
ఒక విశ్రాంత వర్క్‌షాపు బోధకుడు,
గుంటూరు.
(పేరు ప్రచురించవద్దని మనవి.)